కాలా బాఘ్ పంపిన గుండెలు

జంషెడ్‌పూర్,
ఆదివారం సాయంత్రం.

చిరంజీవి సౌభాగ్యవతి సింహాచలమ్మకి,

అప్పన్న దీవెనలు. ఇక్కడ మేమందరం ఒంటికి క్షేమమే. మనసుల సంగతి కింద రాస్తున్నాను, నిదానంగా చదువుకో. అక్కడ నువ్వూ, మీ చెల్లెలూ, ఆవిడ మోకాలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ఫోనులో రెండు ముక్కలు చెప్పేదానికి ఉత్తరాలేమిటని మొన్నటి ఉత్తరంలో కూడా విసుక్కున్నావు. నీకు నవ్వులాటగా ఉంది గానీ నాకు ఫోను మీద నమ్మకం పోయి చాలా కాలమైంది. చెప్పులు అరిగిపోయాయని నీతో ఒక మాట అన్నానో లేదో, మర్నాటి నుంచి నా ఫోను నిండా చెప్పుల బొమ్మలే. ఎవడో వింటున్నాడు. పోస్టు డబ్బాకి ఆ రోగం లేదు.

నీ ప్రశ్నలకి జవాబులు. కంట్లో చుక్కల మందు తప్పకుండా పడుతోంది, సుధే వేస్తోంది. ఆపరేషన్ అయిన కన్ను బాగా కనిపిస్తోంది. అంత బాగా కనిపించకపోయి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు. వంటింటి కుళాయి కారుతూనే ఉంది. ప్లంబరు రేపొస్తానన్నాడు, వాడి రేపు ఎప్పుడొస్తుందో వాడికే తెలియాలి. హరికి కళింగనగర్‌లో కాంట్రాక్టు పని ఇంకా తెమల్లేదు, నెలాఖరుకి గానీ రాడు. ఎండుచేపలు పంపుతానన్నావు, పంపకు. కిందటిసారి పార్శిలు ఎవరో విప్పి మళ్లీ కట్టినట్టుంది. ముడి నీ ముడి కాదు.

చివర్లో ఇంకో ప్రశ్న వేశావు, సుధ ఫోనులో ఆ ఆట ఇంకా ఆడుతోందా అని. మోకాలికి కట్టుతో పడుకున్న చెల్లెలి పక్కన కూర్చుని, ఇక్కడి కోడలి ఆట సంగతి నీకెందుకు గుర్తొచ్చింది? ఆ వాక్యం చదవగానే నాకు ఇంకో అనుమానం పుట్టింది. దాన్ని ప్రస్తుతానికి పక్కన పెడతాను, ముందు జరిగినది విను.

ఆ ఆట గురించి నీకేమీ తెలియదనుకునే రాస్తున్నాను. ఒక అడవి. పైన ఇద్దరు చంద్రుళ్లు. పచ్చ కవచం తొడుక్కున్న ఒక పిల్ల కత్తి పట్టుకుని నడుస్తూ ఉంటుంది, వెనకాల రెక్కలున్న నక్క ఒకటి. ఎదురొచ్చిన రాక్షసుణ్ణల్లా నరుకుతారు, నాణేలు రాలతాయి. వాడు చచ్చాక ఇంకొకడు వస్తాడు. ఎంత చూసినా అంతే. ఇదంతా ఊరికే ఇస్తారట, ఏమీ తీసుకోరట. అక్కడే నాకు మొదటిసారి తేడా కొట్టింది.

ఒకరోజు పొద్దున్న సుధ డాబా మీద బట్టలు ఆరేస్తోంది. ఫోను వంటింటి గూట్లో చార్జింగుకి పెట్టి ఉంది. మంచినీళ్లకి వెళ్లి చూద్దును కదా, ఆ పిల్ల తనంతట తానే కత్తి తిప్పేస్తోంది. ఫోను మీద ఎవరి వేలూ లేదు.

నా ఉద్యోగమంతా క్రేను క్యాబిన్‌లోనే గడిచింది కదా. కరిగిన ఉక్కు బకెట్టు గాల్లో వెళుతుంటే, కింద నిలబడ్డవాడు ముందు చూసేది పైన క్యాబిన్‌లో మనిషి ఉన్నాడా లేడా అని. రిలీవరు వచ్చి చార్జి తీసుకుంటే గానీ మేం నిచ్చెన దిగేవాళ్లం కాదు. జ్వరం వచ్చినా సరే, తండ్రి పోయాడని కబురొచ్చినా సరే. క్రేను కదులుతోందంటే లోపల ఒకడుండి తీరాలి. మరి సుధ డాబా మీద ఉంటే క్యాబిన్‌లో ఉన్నదెవరు?

ఆమె కిందికి రాగానే అడిగాను. “అమ్మా, నువ్వు ఇక్కడ నేవు గదా. మరి ఆ పిల్లని ఆడిత్తన్నది ఎవులు?”

“అది దానంతటదే ఆడుకుంటాది మావయ్యా. ఐడిల్ గేమ్ కదా. మనం పడుకున్నా లడాయి చల్తీ రహతీ హై. పొద్దున్న లేచి నాణేల పెట్టి తెరిస్తే అంతా జమ అయిపోయుంటాది.”

“ఎవులూ నడపకుండానా?”

“ఎవులూ నడపక్కర్లేదు మావయ్యా. వహీ తో మజా హై!” అని నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

నాకు నవ్వు రాలేదు. సాయంత్రం టీ బండి దగ్గర గణపతిరావుని అడిగాను. వాడు టైమాఫీసులో పనిచేసినవాడు, రాని మనుషులకి హాజరు పడిన కథలు వాడికి తెలిసినన్ని ఇంకెవరికీ తెలియవు. టీ ఊదుకుంటూ అంతా విన్నాడు.

“బావా, మనిసి డూటీలో నేకపోయినా ఆడి పని అయిపోతంటే ఏటన్నమాట? ఆడి పేరు మీద ఇంకోడు సేత్తన్నాడన్నమాట. పైగా ఊరికినే ఇత్తన్నారంటన్నావు. ఊరికినే ఎవుడూ బూందీ కూడా పెట్టడు,” అన్నాడు.

నా మనసులో ఉన్నదే వాడి నోట వచ్చేసరికి ఇక నాకు తిరుగు లేకపోయింది. ఆ రోజు నుంచి కోడలి ఫోను మీద కన్నేసి ఉంచాను. పొద్దున్న లేవగానే ఆమె ఆ ఆట తెరుస్తుంది. తెరవగానే ఒక నల్ల పులి బొమ్మ, దాని కింద ‘కాలా బాఘ్’ అని పేరు. ఆ కాలా బాఘ్ అనేవాడు రోజూ ఒక ఎర్రటి గుండె పంపుతాడు. ఈమె వాడికి ఒక గుండె తిరిగి పంపుతుంది. ఆటలో స్నేహితులు అలాగే పంపుకుంటారట. పెళ్లైన పిల్లకి పరాయివాడు గుండె పంపడమేమిటి, ఈమె తీసుకోవడమేమిటి, మళ్లీ ముసిముసిగా నవ్వుకోవడమేమిటి?

ఒకరోజు పాలకి వెళుతూ ఫోను మరిచిపోయింది. తీసి చూశాను. పులి బొమ్మ కింద హిందీ మాటలు, ఇంగ్లీషు అక్షరాలు. ప్లాంటు బోర్డుల మీద నేర్చుకున్న ఇంగ్లీషు కదా నాది, కూడబలుక్కుని చదివాను. ‘బుడ్ఢా సో గయా?’ అని కాలా బాఘ్ అడిగాడు. ముసలాడు పడుకున్నాడా అని! ఈ ఇంట్లో ముసలాడెవరు సింహాచలం? ‘సో గయే’, పడుకున్నారని సుధ. ‘దవా?’, మందో అని వాడు. ‘దే దీ’, ఇచ్చేశానని ఈమె.

అంటే నాకు మందు పెట్టి పడుకోబెడుతున్నారన్నమాట. ఆ రాత్రి నుంచి సుధ ఇచ్చిన పాలు తాగినట్టు నటించి కరివేపాకు మొక్కకి పోయడం మొదలుపెట్టాను. మొక్కకి ఏమీ కాలేదు. నెమ్మదిగా పనిచేసే మందేమో అనుకున్నాను గానీ, పాలలో ఏమీ లేదేమో అని ఒక్కసారైనా అనుకోలేదు.

నువ్వు నవ్వుతున్నావని నాకు తెలుసు. నాకు మాత్రం అప్పుడు ఏడుపొచ్చింది. కొడుకు ఊళ్లో లేడు, వాడి కాపురం నా కళ్లెదుటే కూలిపోతోంది అనుకున్నాను. నువ్వుండి ఉంటే నా నోరు నొక్కేదానివి. లేవు. అందుకని ఖరగ్‌పూర్‌లో వియ్యంకుడికి ఫోను చేశాను. “బావగారూ, ఆదివారం ఒకసారి రండి, మీ అమ్మాయి ఇసయం మాటాడాల,” అన్నాను. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు. బంగారురాజుగారు ఏమీ అడగలేదు. వస్తానన్నారు. పిల్ల తండ్రిని ఇలా పిలిపించడమంటే మనలో అర్థమేమిటో నీకు తెలుసు. వచ్చి పిల్లని తీసుకుపొమ్మనడమే.

నిన్న శనివారం మధ్యాహ్నం ఆ ఆటలో ఇంకో మాట కనబడింది. సాయంత్రం బిష్టుపూర్‌లో చెరుకురసం బండి దగ్గర కలుద్దామని. దాని కింద కాలా బాఘ్ జవాబు, ‘ఓకే’ అని.

వాడి మొహం చూడాలని ముందే వెళ్లి బట్టల కొట్టు స్తంభం వెనక నిలబడ్డాను. గొడుగు పట్టుకెళ్లాను. వాన లేదు, గొడుగు వాన కోసం కాదు. బండి దగ్గర ఆగిన ప్రతి మగవాణ్ణీ వీడేనా అని చూశాను. ఒక మీసాలవాడు రసం తాగి మూతి తుడుచుకుని పోయాడు. ఇంకొకడు మోటారుసైకిలు మీద చాలాసేపు వేచి ఉంటే, వీడే అనుకుని గొడుగు బిగించి పట్టుకున్నాను. వాడి పెళ్లాం సంచులతో వచ్చి వెనక ఎక్కింది.

అప్పుడు ఒక స్కూటీ వచ్చి ఆగింది. ఆడపిల్ల. హెల్మెట్టు తీసి, కళ్లజోడు సర్దుకుని, పెదవి కొరుక్కుంటూ రోడ్డుకి అటూ ఇటూ చూసింది. ఆ పెదవి కొరుక్కోవడం నీదే. మన తనూజ.

పింటూని చేసుకుని వెళ్లిపోయిన మన పెద్దపిల్ల. బిహారీవాణ్ణి చేసుకున్నది నాకు కూతురు కాదు, ఎవరూ దానికి ఫోను చెయ్యకూడదు, దాని గుమ్మం తొక్కకూడదు అని నీ చేతా, హరి చేతా, తరవాత వచ్చిన సుధ చేతా కూడా నా తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నాను చూడు, ఆ తనూజ. మన భాలుబాసా నుంచి అది ఉండే అగ్రికోకి నడిచి వెళ్లొచ్చు. అయినా ఇన్నేళ్లూ ఆ రోడ్డు తప్పించి చుట్టు తిరిగాను. నా కూతురు కళ్లజోడు పెట్టుకుంటోందని నిన్న సాయంత్రం వరకూ నాకు తెలియదు.

కాలా బాఘ్ అదే. ఆ పేరు పింటూ సరదాకి పెట్టాడట. స్తంభం వెనక నిలబడి ఆ మాటలన్నీ మళ్లీ తలుచుకున్నాను. ముసలాడు పడుకున్నాడా, మందు వేశావా. కంటి ఆపరేషనైన తండ్రి ఎలా ఉన్నాడో కూతురు వాకబు చేసుకుంటోంది. నేను పాలు మొక్కకి పోస్తున్నాను.

బయటికి రాలేకపోయాను. కాళ్లు కదల్లేదని రాస్తే అబద్ధమవుతుంది. కాళ్లు బాగానే ఉన్నాయి, సిగ్గేసింది. చేతిలో గొడుగొకటి, దాన్ని ఎందుకు తెచ్చానో నాకు తెలుసు కదా. పిల్ల చాలాసేపు ఎదురుచూసింది. ఫోను తీసి చూసింది, మళ్లీ రోడ్డు చూసింది. రసం బండివాడు ఏదో అడిగితే వద్దని తల ఊపింది. ఆఖరికి హెల్మెట్టు పెట్టుకుని వెళ్లిపోయింది.

ఇప్పుడు అసలు మాట. ఇంతసేపూ రాయడానికి చెయ్యి రాలేదు. బిష్టుపూర్ రమ్మని ఆ ఆటలో రాసింది సుధ కాదు, నేను. ఆమె స్నానానికి వెళ్లినప్పుడు ఒక్కొక్క అక్షరమే వెతికి నొక్కాను. ‘బుడ్ఢే కీ బాత్ కర్నీ హై, షామ్ కో బిష్టుపూర్ ఆనా’ అని, ముసలాడి సంగతి మాట్లాడాలి, సాయంత్రం రసం బండి దగ్గరికి రా అని. వాడి ‘ఓకే’ రాగానే ఫోను బియ్యం డబ్బా వెనక దాచేశాను. స్నానం చేసి వచ్చి ఆమె ఫోను కోసం వెతుక్కుంటుంటే, నేనూ కూడా ఉండి మంచాల కింద వెతికాను. దొంగని పట్టుకోవడానికి నేను దొంగనయ్యాను.

నేను తిరిగి వచ్చేసరికి సుధ ఫోను పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

“మావయ్యా, ఇందులో నా పేరు మీద ఏదో రాసి ఉంది. నేను రాయలేదు. ఎవులు రాసినారు?”

నేను లోపలికి వెళ్లి టీవీ పెట్టుకున్నాను.

ఈ పొద్దున్న బంగారురాజుగారు వచ్చారు. మిఠాయి పొట్లం లేకుండా మన గడప ఎక్కని మనిషి, చేతిలో ఒక ఖాళీ సంచీతో వచ్చారు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

“రైలెక్కిన కాణ్ణుంచీ నా పిల్ల ఏటి తప్పు సేసినాదోనని ఆలోసిత్తన్నాను బావగారూ. సెప్పీండి. బట్టలకని సంచీ తెచ్చుకున్నాను,” అన్నారు.

సుధ సంచీ వైపు చూసింది. వాళ్ల నాన్న వైపు చూసింది. తరవాత నా వైపు తిరిగింది. ఆ పిల్ల గొంతు పెంచగా నేనెప్పుడూ వినలేదు, ఇవాళా పెంచలేదు.

“ఆ మెసేజి మీరు రాసినారు. మా నాన్నని మీరు పిలిచినారు. నన్ను ఏటనుకున్నారు మావయ్యా?”

చెప్పాను. క్యాబిన్‌లో మనిషి సంగతి, గుండెల సంగతి, పాల సంగతి, గొడుగు సంగతి, అన్నీ వియ్యంకుడి ముందే చెప్పాను. ఆయన సంచీ మడత పెట్టి, విప్పి, మళ్లీ మడత పెట్టారు. “నా పిల్ల తప్పు నేదు. అది సాలు బావగారూ,” అని కండువాతో కళ్లు తుడుచుకున్నారు. ఆయన నన్ను నాలుగు తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

నా బుద్ధి చూడు, అప్పుడు కూడా ఊరుకోలేదు. “ఒట్టేసి మరీ దాంతో దొంగతనంగా ఎందుకు మాటాడినావమ్మా?” అని ఎదురడిగాను.

“ఫోను సెయ్యొద్దన్నారు, ఒక్కసారి కూడా సెయ్యలేదు. గుమ్మం తొక్కొద్దన్నారు, తొక్కలేదు. ఆట గురించి మీరేటీ అనలేదు. మీ తల మీద ఒట్టు కదా, తప్పితే మీకేటైనా అయిపోతే? తనూజొదినకీ అదే భయం. అందుకే ఇలాగ తిప్పి తిప్పి, ఘుమాకే, మాటాడుకోవలసొచ్చింది.”

నా తలకి ఏమీ కాకూడదని ఇద్దరాడపిల్లలు రాక్షసుల మధ్య నిలబడి మాట్లాడుకున్నారు సింహాచలం. నేను ఆ తలతోనే ఇదంతా ఆలోచించాను.

తప్పైపోయిందని అనబోతే సుధ చెయ్యి అడ్డం పెట్టింది. “నాకు మాఫీ వద్దు. అగ్రికో రండి. ఆ ఒట్టు మీరే తీసి గట్టున పెట్టండి. లేదంటే మా నాన్న సంచీ ఖాళీగా ఎళ్లదు.”

బెదిరింపు కాదది. పిల్ల అప్పటికే చెప్పులేసుకుంది.

ముగ్గురం నడిచి వెళ్లాం. ఆ పిల్ల నన్ను నిజంగా అక్కడికే తీసుకెళుతోందా అని మధ్యలో ఒకసారి అనుమానం వచ్చిన మాట కూడా దాచను. క్వార్టరు గేటు దగ్గర సుధ ఆగిపోయింది.

“మీరెళ్లండి. నాకు ఒట్టుంది,” అంది. బంగారురాజుగారికి ఏ ఒట్టూ లేదు, అయినా ఆయనా కూతురి పక్కనే రోడ్డు మీద నిలబడ్డారు.

తలుపు పింటూ తీశాడు. చేతుల నిండా రొట్టెల పిండి. నన్ను చూసి ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి దాచుకుని, “ఆయియే బాబూజీ,” అని లోపలికి కేకేశాడు. తనూజ వచ్చింది. నన్ను చూసింది. నా వెనక ఎవరున్నారా అని చూసింది.

“అమ్మకేటైంది నానా?” అంది.

నిన్న స్తంభం వెనక కూడా నాకు ఇలా అనిపించలేదు. తండ్రి గుమ్మంలో నిలబడితే నా కూతురికి మొదట తోచింది అది. ఇంట్లో ఎవరో పోతే తప్ప నేను దాని దగ్గరికి రానని. ఇన్నేళ్లలో దానికి నేను నేర్పింది అదొక్కటే.

“ఎవులికీ ఏటీ కాలేదమ్మా. నిన్ను సూడాలని వచ్చినాను,” అన్నాను.

నమ్మలేదు. నా కూతురే కదా, ఎందుకు నమ్ముతుంది? “నిజం సెప్పు నానా, అమ్మ బాగుందా?” అని మళ్లీ అడిగింది. గేటు బయట సుధ నవ్వుతూ చెయ్యి ఊపితే అప్పుడు నమ్మింది. నమ్మాక ఏడ్చింది. నేనూ ఏడ్చాను. పింటూ నీళ్లు తెచ్చాడు, గ్లాసంతా పిండి. నేను సుధని కేకేసి, “ఒట్టు తీసేసినాను, లోపలికి రా తల్లీ,” అన్నాను. వియ్యంకుడు నన్ను కౌగిలించుకున్నారు. ఆయనకి నేను అంతటి మేలేమీ చెయ్యలేదు.

ఈ ఉత్తరం తనూజ ఇంట్లో కూర్చునే రాస్తున్నాను. కాగితాలు దానివే. వదినా మరదళ్లిద్దరూ వంటింట్లో ఏదో గుసగుసలాడుకుంటూ నవ్వుతున్నారు, నా గురించే అయి ఉంటుంది. అసలు ఆ ఆటలో మాట్లాడుకోవచ్చన్న ఉపాయం ఎవరిదని అడిగితే సుధ, “అత్తయ్యనే అడగండి,” అంటోంది. కాబట్టి నువ్వు పోయినసారి అడిగిన ప్రశ్న ఎందుకడిగావో నాకు తెలిసిపోయింది. వచ్చాక దెబ్బలాడతాను. నీ ఒట్టు కూడా తీసేశానని దీన్నిబట్టి తెలుసుకో.

ఇప్పుడు నాకు మిగిలిన భయం ఒకటే. ఇవాళ ఏడ్చి కావలించుకున్న పిల్ల, రేపు తీరిగ్గా ఆలోచించుకుంటే నా మీద కోపం రావాలి. వస్తే పడతాను. రాకపోతేనే నాకు దిగులు.

మీ చెల్లెలు అడుగు తీసి అడుగు వెయ్యగానే బయల్దేరు. టాటానగర్‌లో దిగి భాలుబాసా ఆటో ఎక్కకు, అగ్రికో రా. దారి తెలియదని మాత్రం అనకు, నేను నమ్మను.

ఇట్లు,
తనూజ నాన్న,
అప్పన్న.